మూడవనాటి లయభంగము

హిందూపురమున బెల్లపు మండీలో గుమాస్తాగా నలువది యేండ్లు లెక్కలు వ్రాసిన మా మేనమామకు బెంగుళూరులో బైపాస్ శస్త్రచికిత్స జరిగిన మూడవనాటి రాత్రి, అంతవరకు ప్రశాంతముగా నిద్రించుచున్నవాడు చటుక్కున మేల్కొని, నా ముంజేయి పట్టుకొని, "ఏమిరా అల్లుడా, గుండెకాయలో కోడిపిల్ల తన్నుకులాడినట్లుండాదే" అనెను. మంచము ప్రక్కనున్న మానిటరు తెరపై అప్పటిదాక 78, 80 అని నిలుకడగా కనిపించిన అంకె 140కి పోయి, 110కి దిగి, మరల 150కి ఎక్కి, ఒక్క క్షణమైనను ఒక్కచోట నిలువకుండెను. నర్సు వచ్చి ఈసీజీ పట్టీ తీసి చూచి, మాటాడక, వైద్యుని పిలువబోయెను. ఆ పట్టీ నేటికిని నా యొద్ద నున్నది. వేడిచే గీతలు పడు కాగితము గనుక చాలవరకు వెలసిపోయినది గాని, పరికించి చూచినచో ప్రతి పెద్ద శిఖరమునకు ముందు ఉండవలసిన చిన్న గుబ్బ, 'పీ' తరంగమని వైద్యులు చెప్పునది, లేకుండుటయు, దాని స్థానమున చెరువునీటిపై గాలి సోకినప్పటి సన్నని వణుకు మాత్రముండుటయు, శిఖరముల నడుమనున్న యెడములలో ఏ రెండును సమానముగా లేకుండుటయు ఇప్పటికిని తెలియును.

దీనిని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అందురు. మన పాఠ్యగ్రంథముల పరిభాష ననుసరించి కర్ణికా కంపనము అనవచ్చును. హృదయమునందలి పైగదులు రెండును కర్ణికలు, క్రిందిగదులు రెండును జఠరికలు. కుడి కర్ణిక పైభాగముననున్న సిరాకర్ణికా కణుపునుండి వెలువడు విద్యుత్ప్రేరణము కర్ణికలను ఒక్కుమ్మడిగా ముడుచుకొనజేసి, పిదప జఠరికలకు దిగుట సహజక్రమము. ఈ క్రమము తప్పినప్పుడు కర్ణికల కండరము నిమిషమునకు 350 మొదలు 600 పర్యాయములవరకు ఎక్కడికక్కడ వణకునే గాని ముడుచుకొనదు; కర్ణికలకును జఠరికలకును నడుమనున్న కణుపు ద్వారపాలకునివలె ఆ ప్రేరణలలో కొన్నిటిని మాత్రమే, అదియు ఒక వరుస లేకుండ, క్రిందికి విడుచును గనుక నాడి వేగవంతమును విషమమును అగును. శస్త్రచికిత్స పిదప వచ్చినది చాలమందిలో కొన్ని గంటలలోనో కొన్ని దినములలోనో సర్దుకొనును. కాని కదలక నిలిచిన నెత్తురు ఎడమకర్ణిక మూలలో గడ్డకట్టి, ఆ గడ్డ మెదడునకు పోయి పక్షవాతమును తెచ్చుటకును, రక్తపీడనము పడిపోవుటకును, ఆసుపత్రివాసము పెరుగుటకును అవకాశము కలదు. కావుననే, ఎవరికి ఇది రాగలదో కత్తి పట్టుటకు ముందే గణించి చెప్పగలమా అను ప్రశ్న గడచిన ముప్పది యేండ్లుగా శస్త్రవైద్యులను వేధించుచున్నది.

నాడిని బట్టి రాబోవుదానిని చెప్పవలెనను కోరిక మనకు క్రొత్తది కాదు. తెలుగునాట వైద్యులు తరతరములుగా పఠించిన బసవరాజీయము నాడీపరీక్షతోనే ఆరంభమగును. సర్పగతి, మండూకగతి, హంసగతి అని వ్రేళ్లకొసలకు తెలియు భేదములకు మన పూర్వులు పేర్లు పెట్టిరి. అయితే క్రమము తప్పిన ఆ నాడి వెనుక హృదయములో ఏ గది వణకుచున్నదో చూపుటకు యంత్రము కావలసివచ్చినది. ఐంథోవెన్ 1903లో ప్రకటించిన తంతు గాల్వనోమాపకముతో హృదయవిద్యుత్తును స్పష్టముగా గీయుట సాధ్యమైనది. 1909లో థామస్ లూయిస్ మొదలగువారు ఆ విషమనాడికి మూలము కర్ణికల కంపనమేయని నిర్ధారించిరి. 1953 మే 6వ తేదీన జాన్ గిబ్బన్ హృదయ శ్వాసకోశ యంత్రమును తొలిసారి విజయవంతముగా వినియోగించి హృదయమును తెరచిన తరువాత, ఈ కంపనము శస్త్రచికిత్సకు తోడునీడయై పోయినది.

ఎంత తరచుగా వచ్చును? బైపాస్ మాత్రమే జరిగినవారిలో నూటికి 25 మొదలు 30 మందికి, కవాటములు బాగుచేసినప్పుడు అంతకంటె ఎక్కువమందికి, రెండును ఒకేమారు జరిగినప్పుడు ఇంచుమించు సగముమందికి. శస్త్రచికిత్స పద్ధతులు ఇంతగా మెరుగుపడినను ఈ సంఖ్య చెప్పుకొనదగినంతగా తగ్గలేదు. మిక్కిలి ఎక్కువగా రెండవ మూడవ దినములలో కనిపించి, నాలుగవ దినము దాటిన పిదప పలుచబడును. ఎందుకు మూడవనాడే యనగా, కోత వలన దేహమున పుట్టిన తాపజ్వాల ఆ వేళకే ముదురును. భయమును బాధయు కలిసి ఉత్తేజక నాడులను రెచ్చగొట్టును. ఎక్కించిన ద్రవము కణజాలమునుండి తిరిగి రక్తమునకు వచ్చి కర్ణికలను సాగదీయును. హృదయావరణములో నిలిచిన నెత్తురు ఎడమకర్ణిక వెనుకకు చేరి దానిని రాపిడి పెట్టును. ధర్మవరమున గుంటమగ్గము ముందు ఒక పూట కూర్చున్నవారికి ఈ విషయము సులువుగా బోధపడును. పడుగులో ఒక పోగు తెగినప్పుడు నేతగాడు నాడెను నిందింపడు. ఆ పోగు ఎక్కడ ముందుగానే నలిగియున్నదో వ్రేలితో తడవి చూచును. నాడె విసురు పోగులన్నిటికిని ఒక్కటే, తెగినది మాత్రము ముందే నలిగిన పోగు. కర్ణికా కంపనమునకును ఈ రెండును కావలెను: వయస్సుచేతనో, రక్తపోటుచేతనో, కవాటదోషముచేతనో ముందే మారిన కర్ణిక యొకటి, శస్త్రచికిత్స యొక్క విసురు మరొకటి. ముందుగా గణించుటయనగా నలిగిన పోగును మగ్గము ఎక్కింపక ముందే వెదకుట.

అట్లు వెదకిన ప్రయత్నములలో ప్రసిద్ధమైనది 2004లో మాథ్యూ మొదలగువారు ప్రకటించినది. 17 దేశములలోని 70 కేంద్రములనుండి 4657 మంది రోగులను పరిశీలింపగా 32.3 శాతమునకు ఈ కంపనము కలిగెను. వయస్సు పది యేండ్లు పెరిగినకొలది సంభావ్యతానిష్పత్తి 1.75 రెట్లగుటయు, పూర్వము ఒకమారు కంపనము వచ్చియుండుట, చిరకాల శ్వాసకోశవ్యాధి, కవాటచికిత్స అనునవి ప్రమాదమును పెంచుటయు వారు చూపిరి. అన్నిటికంటె నన్ను ఆకర్షించినది మరియొకటి: అంతకుముందు వాడుచున్న, గుండెవేగమును తగ్గించు బీటా బ్లాకరు మాత్రను శస్త్రచికిత్సానంతరము ఆపివేయుట ప్రమాదమును ఇంచుమించు రెండింతలు చేయునని ఆ అధ్యయనము తెల్పినది. మా మామ రక్తపోటునకు ఆ జాతి మాత్రనే ఏడేండ్లుగా ప్రతి ఉదయము మ్రింగుచుండెడివాడు. అది శస్త్రచికిత్సకు ముందునాడు ఆగి, ఆ మూడవనాటి రాత్రివరకు మరల మొదలు కాలేదు. చేతితో వ్రాసిన ఒక మందులచీటీనుండి మరియొక చీటీకి ఎక్కించుటలో ఒక పంక్తి జారిపోయినది. ఒకని అనుభవమును బట్టి కారణము నిర్ణయింపరాదని నాకు తెలియును. కాని ఆ పంక్తి నేను మరువలేదు.

అయితే మాథ్యూ మొదలగువారి ఈ సూచికలో ఒక చిక్కు కలదు. మాత్ర ఆపుట శస్త్రచికిత్స పిదప జరుగు సంగతి. అటువంటివి చేర్చి లెక్కించినప్పుడు అది భవిష్యమును ముందుగా చెప్పుట సగమే, జరుగుచున్నదానిని గుర్తించుట సగము. రోగి ఆసుపత్రి గడప త్రొక్కిననాడే చెప్పదగిన స్కోరును 2014లో మరిస్కాల్కో మొదలగువారు ఐరోపా ఆసుపత్రులలోని 17,262 మంది వివరములనుండి తయారుచేసిరి. అది అతిసులభము: వయస్సు అరువదులలో నున్న 1, డెబ్బదులలో 2, ఎనుబది దాటిన 3, శ్వాసకోశవ్యాధికి, మూత్రపిండముల తీవ్రవైఫల్యమునకు, అత్యవసర చికిత్సకు, చికిత్సకు ముందే బెలూన్ పంపు సాయము కావలసియుండుటకు, హృదయము నెత్తురు నెట్టు శక్తి 30 శాతమునకు తగ్గుటకు, కవాటచికిత్సకు ఒక్కొక్కటి. ప్రక్కన కూర్చున్న బంధువైనను వ్రేళ్లమీద కూడగలడు. పక్షవాతపు ప్రమాదమునకై ఏర్పడిన చాడ్స్-వాస్క్ స్కోరును సైతము కొందరు ఈ పనికి వాడిచూచిరి.

ఇక ఫలితము. కంపనము వచ్చినవానిని ఒకనిని, రానివానిని ఒకనిని ఎదుట నిలిపి, వీరిలో ఎవరికి వచ్చినదని మరిస్కాల్కో స్కోరును అడిగినచో నూటికి సుమారు 65 మార్లు సరిగా చెప్పును. నాణెమెగరవేసినను 50 మార్లు సరియగును. ఇందలి అర్థమును ఒక ఊహాలెక్కతో చూతము. నూరుగురు రోగులలో 30 మందికి కంపనము రానున్నదనుకొందము. ఇంత పదునుగల స్కోరు 40 మందిని ప్రమాదస్థులుగా వేరుచేసినచో, వారిలో నిజముగా వచ్చువారు ఏ 17 మందియో ఉందురు. 23 మంది అనవసరముగా భయపడుదురు. భయము లేదని చెప్పబడినవారిలో 13 మందికి మూడవనాడు గుండె తడబడును. సమూహమును గూర్చి ఇది ఎంతో కొంత సత్యము చెప్పుచున్నది, మంచముమీది మనిషి "నాకు వచ్చునా?" అని అడిగినప్పుడు మాత్రము దాని గొంతు సన్నగిల్లును.

ఈ పదును పెంచుటకు జరిగిన యత్నములు పెక్కు. ఈసీజీలో పీ తరంగము 120 మిల్లీసెకండులకు మించి సాగియున్నదా యని కొలుచుట, ఎకో అను ధ్వనితరంగ పరీక్షలో ఎడమకర్ణిక పరిమాణమును, అది సాగు గుణమును చూచుట, హృదయముపై ఒత్తిడిని తెల్పు రసాయనములను రక్తమున పరీక్షించుట, వేలకొలది రోగుల వివరములను కంప్యూటరుకు నేర్పి దానిచే చెప్పించుట. ఒక్కొక్కటి కొంత మేలు చేసినది. కాని ఒక ఆసుపత్రిలో మెరసిన సూత్రము మరియొక ఆసుపత్రికి పోగానే మసకబారుట ఈ సాహిత్యమంతట కనిపించు దుఃస్థితి. వీనిలో ఎకో కొలత నాకు అన్నిటికంటె నమ్మదగినదిగా తోచుచున్నది. ఏలయన అది నలిగిన పోగును కంటితో చూచుటకు సమీపమైనది.

పదును చాలదను నిందకంటె లోతైన ప్రశ్న ఒకటి కలదు. చెప్పిన పిదప ఏమి చేయుదుము? నివారణోపాయము చవుకయు నిరపాయమును అయినచో జోస్యముతో పనిలేదు, అందరికిని చేయవచ్చును. ఉపాయము కఠినమైనదైనచో జోస్యము వాడిగా ఉండితీరవలెను. బీటా బ్లాకరును ఆపకుండుట మొదటి జాతికి చెందినది. 2021లో ప్రకటితమైన న్యూయార్కు పరిశోధనలో 420 మందికి చేసిన ప్రయోగమును ఆ జాతిలోనే చేర్చవచ్చును: హృదయావరణము వెనుకప్రక్క ఒక చిన్న కోత పెట్టి, నిలిచిన నెత్తురు ఎడమ ఊపిరితిత్తి ప్రక్కకు జారిపోవునట్లు చేయగా కంపనము 32 శాతమునుండి 17 శాతమునకు తగ్గెను. ఒక్క చిన్న కోత! లయను నిలుపు అమియోడరోన్ అను మందు రెండవ జాతిది. 2005 నాటి అధ్యయనమున 601 మందిలో అది కంపనమును 29.5 శాతమునుండి 16.1 శాతమునకు దించినది నిజమే గాని, నాడి అతిమందమగుట, రక్తపీడనము తగ్గుట, దీర్ఘకాలము వాడినచో థైరాయిడ్, ఊపిరితిత్తులు చెడుట దానివెంట నుండు భయములు. అట్టిదానిని నూరుగురికిని పోయరాదు; అక్కడ మంచి స్కోరు కావలెను, అక్కడనే మనకు మంచి స్కోరు లేదు.

స్టాటిన్ మాత్రలు, స్టిరాయిడ్లు పెద్ద పరీక్షలలో నిలువలేదు. పొటాషియము కథ ప్రత్యేకముగా చెప్పదగినది. రక్తమున పొటాషియము 4.5కు తగ్గరాదని సిరలద్వారా దానిని మాటిమాటికి ఎక్కించుట చాలచోట్ల ఆచారమై యుండగా, 2024లో బ్రిటను, జర్మనీలలోని 23 కేంద్రములు 1690 మంది బైపాస్ రోగులపై పరీక్షించి, 3.6 వరకు దిగిన పిదపనే ఎక్కించినవారిలో 27.8 శాతమునకు, 4.5 వద్దనే ఎక్కించినవారిలో 26.2 శాతమునకు కంపనము కలిగినదని, అనగా చెప్పదగిన భేదము లేదని చూపిరి. ఆ ద్రవము ఎక్కునప్పుడు చేయి మంటలెత్తునని రోగులు పలువురు చెప్పుదురు. ఎందరి చేతులు నిష్కారణముగా మండినవో కదా.

ఇంతవరకు చెప్పిన అంకెలు చాలవరకు పరదేశములవి. ఇక మన ప్రాంతమునకు వత్తము. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడు పట్టణములు ఒకే రైలుమార్గముపై నున్నవి. పెనుకొండకును ధర్మవరమునకును నడుమ ప్రశాంతినిలయము స్టేషను కలదు. అక్కడ దిగి పుట్టపర్తికి పోయిన, 1991 నవంబరు 22వ తేదీన ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభించిన సత్యసాయి ఉన్నత వైద్యవిజ్ఞాన సంస్థ రోగివద్ద ఒక్క రూకయైనను తీసికొనక హృదయశస్త్రచికిత్సలు చేయుచున్నది. దక్షిణముగా బెంగుళూరు కలదు. 2007లో ఆరోగ్యశ్రీ పథకము వచ్చిన పిదప ప్రభుత్వవ్యయమున చికిత్సకు మరికొన్ని ద్వారములు తెరచుకొన్నవి. ఈ ద్వారములయెదుట నిలుచువారు, స్కోరులు పుట్టిన దేశములలో నిలుచువారు ఒక్కతీరు కారు. అక్కడ అరువదియైదు, డెబ్బదియైదు యేండ్లవారు మూసికొనిన ధమనులతో వత్తురు. ఇక్కడ వారితోపాటు, బాల్యమున గొంతునొప్పి వెంట వచ్చిన కీళ్లజ్వరము హృదయకవాటమును మాడ్చివేయగా, ఇరువది ముప్పది యేండ్లకే ఆయాసముతో మెట్లెక్కలేక కూర్చుండు యువతులును వత్తురు. మిట్రల్ కవాటము సన్నగిలినప్పుడు నెత్తురు క్రిందికి దిగలేక ఎడమకర్ణిక ఏండ్ల తరబడి ఉబ్బుచుండును. 40 మిల్లీమీటర్లకు మించరాని వ్యాసము 55కు పోవుటయు కలదు.

ఇప్పుడు మరిస్కాల్కో స్కోరును ఇద్దరికి వేసి చూతము. పెనుకొండ చెంత పల్లెలో, ఇరువదియెనిమిదేండ్ల, ఎడమకర్ణిక 55 మిల్లీమీటర్లకు ఉబ్బిన, కవాటము మార్పించుకొనబోవు స్త్రీ యొకతె యనుకొందము: వయస్సునకు సున్న, కవాటచికిత్సకు ఒకటి, వెరసి 1. హిందూపురమున అరువదిరెండేండ్ల, కర్ణిక చక్కగానున్న, బైపాస్ చేయించుకొనబోవు వర్తకుడొకడు: వయస్సునకు ఒకటి, వెరసి 1. ఇద్దరును సమానమే! ఈ ఫలితమును ఏ అనుభవజ్ఞుడైన శస్త్రవైద్యుడును అంగీకరింపడు. స్కోరు అబద్ధమాడినదని కాదు. అది చూచిన సమూహములో ఇటువంటి కర్ణిక ఎంతటి బరువు తూగునో కొలువబడలేదు. న్యూయార్కు వారి చిన్నకోత పరీక్ష కూడ మిట్రల్ రోగులను చేర్చుకొనలేదు. పైగా ఇట్టి యువతులలో పలువురికి శస్త్రచికిత్సకు ముందే కంపనము స్థిరపడియుండును. క్రొత్తగా వచ్చునా యను ప్రశ్నయే వారికి వర్తింపదు. నా యభిప్రాయమున మన ప్రాంతమునకు కావలసినది పరదేశపు స్కోరునకు తెలుగు తొడుగు కాదు. పుట్టపర్తి, బెంగుళూరు, తిరుపతి ఆసుపత్రులు తమ దస్త్రములనుండి కర్ణికావ్యాసమును, కీళ్లజ్వరచరిత్రను, మాత్ర ఆగిన దినమును చేర్చి మరల కూర్చిన సూచిక. దానికి మహాయంత్రములు అక్కరలేదు. మందులచీటీలో ఒక పంక్తి జారకుండ వ్రాయు శ్రద్ధ కావలెను.

కంపనము వచ్చినవారికి చికిత్స విషయమున పెద్ద వివాదము లేదు. వేగమును తగ్గించుటయా, లయను మరలించుటయా యని 2016లో 523 మందిపై పోల్చిచూడగా ఆసుపత్రివాసమున భేదము కనబడలేదు. మా మామకు వేగము తగ్గించు మందే ఇచ్చిరి. అయిదవనాటి ఉదయము కాఫీ త్రాగుచుండగా లయ తానే కుదుటబడెను. కీళ్లజ్వరపు కవాటముతో కంపనమున్నవారి త్రోవ ఇంత సుగమము కాదు. వారికి నెత్తురు గడ్డకట్టకుండ ఆపు మందు దీర్ఘకాలము కావలెను. 2022లో ప్రకటితమైన, ఇరువదినాలుగు దేశముల రోగులతో జరిగిన ఇన్విక్టస్ పరీక్షలో, క్రొత్తమాత్రయైన రివరాక్సబాన్ కంటె వార్ఫరిన్ జాతి పాతమందే మేలని తేలినది. ఆ పాతమందునకు, నెత్తురు గడ్డకట్టు వేగమును తెల్పు పీటీ ఐఎన్ఆర్ పరీక్ష వెంటనంటియుండును. ఒకనాడు తోటకూర పప్పు నిండుగా తిని, పదిదినములు ఆకుకూర ముట్టకున్న, మందు బలము ఆటుపోటులు పొందును. మానవలదు, రోజును ఒకే తీరుగా తినుడని చెప్పవలెను. ఆకుకూరలు పూర్తిగా మానిపించు సలహా మన యిండ్లలో ఎందుకు ఇంత వ్యాపించినదో గాని, అది సరికాదు.

ఇంటికి పంపుదినమున హృదయశస్త్రచికిత్స జరిగిన రోగులకును, వెంటనున్నవారికిని నాడి చూచుట నేర్పవలెనని నేను గట్టిగా కోరుచున్నాను. బొటనవ్రేలి క్రిందుగా, మణికట్టు మడతకు ఒక అంగుళము పైన, మూడు వ్రేళ్లు మెల్లగా ఆనించి నిండు నిమిషము లెక్కింపవలెను. పదునైదు సెకండులు లెక్కించి నాలుగింట హెచ్చించినచో విషమనాడి మోసగించును. కంపనమున్నప్పుడు కొన్ని స్పందనములు బలహీనములై చేతివరకు చేరవు గనుక, రొమ్మున స్టెతస్కోపు పెట్టిన నర్సుకు 140 వినిపించుచుండగా మణికట్టున 110 మాత్రమే తగులును. మా యత్తకు ఆసుపత్రి నర్సు ఇది ఒక్కపూటలో నేర్పినది. ఆమె చదువుకొన్నది కాదు. ధర్మవరమున పుట్టి, పెండ్లికి ముందు తండ్రి మగ్గముకడ కండెలు చుట్టినది. మామ ముంజేయి తన ఒడిలో పెట్టుకొని, కండ్లు మూసి, పెదవులు కదపుచు, అరువదివరకు పోయి ఆగి, "ఇప్పుడు సరిగా పడతాంది" అని చెప్పి చేయి మెల్లగా మంచముమీద పెట్టినది.